నమ్మనివాడి గొంతులో కీర్తన

నమ్మని మాటను పాడితే అది అబద్ధమవుతుందా?

మాట్లాడితే అవుతుంది, అందులో పేచీ లేదు. చెరువు నింపనివాడు నింపానంటే అబద్ధం. మరి పాట సంగతేమిటి? దేవుడు లేడని తనకు తానుగా తేల్చుకున్న మనిషి ఆదివారం పూట చర్చిలో నిలబడి గొంతెత్తి కీర్తన పాడితే, చరణానికో అబద్ధం చొప్పున వాడి ఖాతాలో రాసుకోవాలా?

నాకిది తీరిక ప్రశ్న కాదు. మాది ఉరవకొండ. పాము పడగ విప్పినట్టుండే కొండ, దాని పక్కన ఊరు. వీధుల్లో మగ్గాల చప్పుడు, ఊరు దాటితే నల్లరేగడి చేలల్లో పప్పుశనగ. వాన పడితే పంట, పడకపోతే బెంగళూరు బస్సు. మా ఇంట్లో నాలుగు తరాలుగా చర్చి ఉంది. నాలో మాత్రం పదేళ్లుగా విశ్వాసం లేదు. ఎవరితోనో పోట్లాడి వదిలేసింది కాదు. ఎండాకాలం బావిలో నీళ్లు దిగిపోయినట్టు నెమ్మదిగా దిగిపోయింది. పాటలు మాత్రం అలాగే ఉన్నాయి. హైదరాబాద్ ఫ్లాట్‌లో గిన్నెలు కడుగుతుంటే ఇప్పటికీ నోటికొచ్చేది కీర్తనే.

ఊళ్లో ముప్పై ఏళ్లుగా డిసెంబరు క్యారల్స్ నడిపిస్తున్నది మా మామ. కంజీర ఆయనదే, పాట ఎత్తుకునేదీ ఆయనే. ఈ ఏడాది మోకాళ్లు మొరాయించాయి. "పిల్లోళ్లకు పాత పాటలు నేర్పేదానికి నువ్వే రావల్లప్పా" అని ఫోన్ చేశాడు. యూట్యూబ్‌లో వచ్చే కొత్త పాటలు ఆ పిల్లలకు బాగానే వచ్చు. పాత కీర్తనలు అన్ని చరణాలతో వచ్చినవాణ్ణి మా వయసువాళ్లలో నేనే మిగిలాను. నమ్మనివాడు నమ్మే పిల్లలకు పాట నేర్పొచ్చా? డిసెంబరు లోపల జవాబు కావాలి.

ఇద్దరిని అడిగాను. ఒకరు హైదరాబాద్‌లో ఉండే హేతువాది మిత్రుడు. "నమ్మకం లేకుండా పాడటమంటే టూరిజం రా. పండక్కి వెళ్లి ఫొటో దిగి రావడం లాంటిది" అన్నాడు. ఇంకొకరు మా చిన్నమ్మ. ఆమెకు ఆదివారం గుడి మానడమంటే తెలీదు. "నోటితో పాడి గుండెతో కాదంటే, అది ఆయన చెవికి ఉత్త చప్పుడే నాయనా" అంది. దేవుడి విషయంలో ఈ ఇద్దరూ ఎప్పటికీ ఒకమాట మీదకు రారు. పాట విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: పాడటమంటే ఒప్పుకోవడం. నాకు అక్కడే అనుమానం.

ముందు ఆ పుస్తకం సంగతి చెప్పుకోవాలి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' చూడనివాళ్లకు అదొక వింత. పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. ముఖపత్రం చింపేసి చూపిస్తే సంగీత కచేరీ పుస్తకమనుకుంటారు. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి దగ్గర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో క్రైస్తవంలోకి వచ్చాడు. 1890లో పోయాడు. చదువుకున్న సంస్కృతమూ విన్న సంగీతమూ వెంట తెచ్చుకుని, వాటిలోనే కొత్త దేవుణ్ణి పిలిచాడు.

ఆ పాటలు ఉత్తర కోస్తా నుంచి మా మెట్ట దాకా వచ్చాయి. మా వైపు మిషన్ కథ బళ్లారి నుంచి మొదలవుతుంది. లండన్ మిషనరీ సొసైటీ 1810లో అక్కడ దిగింది. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో భాగమే. అలా ఒకనాటి బ్రాహ్మణుడు తన పాపాల గురించి రాసుకున్న పాటను, గుడి మెట్టు ఎక్కనివ్వని కులాల వాళ్లు, అక్షరం రాని మా అవ్వలాంటివాళ్లు, కంఠతా పట్టి పాడారు. పుస్తకంలో ఏ రాగం ఉందో అవ్వకు తెలీదు. ఆమెకు తెలిసింది వరుస. కలుపు తీస్తూ పాడేది, మగ్గం దగ్గర పాడేది, చావింట్లో పాడేది.

ఇప్పుడు ఆ పాటలోని "నేను" ఎవరు? రాసినవాడి "నేను" అయితే మా అవ్వ పాడినా అబద్ధమే, ఆమె బతుకు వేరు. పాడేవాళ్ల "నేను" అయితే వంద గొంతులు ఒకేసారి ఒకే "నేను" ఎలా అవుతాయి? కీర్తనలో "నేను" ఒక ఖాళీ కుర్చీ లాంటిదని నాకనిపిస్తుంది. ఎవరొస్తే వాళ్లు కాసేపు కూర్చుంటారు. సాక్ష్యం అలా కాదు. చర్చిలో ఒక మనిషి లేచి "ప్రభువు నాకిది చేశాడు" అని చెప్పినప్పుడు ఆ కుర్చీ వాడిదే, పేరు కూడా రాసి ఉంటుంది. చేయంది చేశాడంటే అక్కడది అబద్ధం.

ఇది క్రైస్తవుల పాటకే ఉన్న చిక్కు కాదు. త్యాగరాజ కృతి చివర త్యాగరాజు పేరే ఉంటుంది. ఎవరు పాడినా ఆయన పేరుతోనే రాముణ్ణి అడుగుతారు. పాడేవాళ్లను ఆపి "మీకు రాముడి మీద నమ్మకముందా" అని మనం అడగం. క్రైస్తవుడైన జేసుదాసు గొంతులో 'హరివరాసనం' లేకుండా శబరిమల రాత్రి చాలామంది భక్తుల ఊహకే అందదు. అయినా 2018లో చెన్నైలో కొందరు కర్ణాటక గాయకులు క్రీస్తు మీద పాటలు పాడబోతే బెదిరింపులొచ్చాయి. దానికి జవాబుగా టి.ఎం. కృష్ణ నెలకొక పాట క్రీస్తు మీదో అల్లా మీదో విడుదల చేస్తానని ప్రకటించాడు. బెదిరించినవాళ్లదీ ఆ పాత లెక్కే: పాడితే ఒప్పుకున్నట్టే.

మా జిల్లాలోనే దీనికి ఎదురు సాక్ష్యం ఉంది. నార్పల దగ్గర గూగూడులో మొహర్రం వస్తే కుళ్లాయి స్వామి పీర్ల దగ్గరికి వేలాదిమంది వస్తారు. ఎక్కువమంది హిందువులే. పీరు ఎత్తుకుంటారు, నిప్పుల గుండం తొక్కుతారు, పిల్లలకు కుళ్లాయప్ప అని పేరు పెట్టుకుంటారు. కర్బలా చరిత్ర మొత్తం నమ్మినవాళ్లే గుండం దగ్గరికి రావాలని అక్కడ ఎవరూ గీత గీయలేదు. మా నేల మీద దేవుడి దగ్గరికి మనిషి నమ్మకం ఒక్కటే పట్టుకుని రాడు. మొక్కుతో వస్తాడు, భయంతో వస్తాడు, తోడుగా వస్తాడు, ఊరంతా పోతోందని కూడా వస్తాడు.

ఇంత సులభంగా నన్ను నేను వదిలేసుకుంటే మా చిన్నమ్మ ఒప్పుకోదు. ఆమె వైపు పెద్ద మనిషే ఉన్నాడు. దాదాపు పదహారు వందల ఏళ్ల కింద సెయింట్ అగస్టీన్ తన 'కన్ఫెషన్స్'లో ఇదే బాధ పడ్డాడు. పాడిన విషయం కంటే పాడిన తీరే తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమని, అలాంటప్పుడు పాట వినకుండా ఉంటేనే మేలని రాసుకున్నాడు. మళ్లీ మొదట్లో చర్చి పాట విని తాను ఏడ్చిన రోజులు గుర్తొచ్చి, పాట ఉండాల్సిందేనన్నాడు. నమ్మినవాడికే పాట మీద ఇంత అనుమానముంటే, నమ్మని నేను వరుస బాగుందని పాడటం చర్చిని రేడియో చేసుకోవడమే కదా? ఈ ప్రశ్న నన్ను గుచ్చుతుంది, గుచ్చాలి కూడా.

అయితే, "నువ్వు నిజంగా నమ్ముతున్నావా" అన్న పరీక్ష ఎవరికి పెడుతున్నారో కూడా చూడాలి.

1876-78 ధాత కరువు మా సీమను పీల్చి పిప్పి చేసింది. బళ్లారి, కడప, కర్నూలు వైపు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కరువు వెనకే తెలుగు నేల మీద దళితులు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించాడు. కూటికోసం చేరుతున్నారన్న మాట రాకూడదని సహాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అయినా ఆ మాట రాకుండా పోలేదు. "బియ్యం క్రైస్తవులు" అన్న ఎగతాళి ఇప్పటికీ నడుస్తోంది.

నా ప్రశ్న ఒకటే. పరీక్ష పాసు కావాలని కోరుకుంటూ, ప్రమోషన్ రావాలని మొక్కుకుంటూ తిరుపతి కొండ ఎక్కేవాణ్ణి "లడ్డూ భక్తుడు" అని ఎవరైనా అంటారా? కడుపు నిండినవాడి మొక్కు భక్తి. కడుపు కాలినవాడి మొక్కు బేరం. నిజాయితీ కావాలని అందరినీ అడగరు, కొందరినే అడుగుతారు.

ఆ అడగడం ఇప్పుడు చట్టం రూపంలో ఉంది. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన దళితులకు, వాళ్ల పిల్లలకు దక్కేది బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన హోటల్లో గ్లాసు మారదు, ఊళ్లో వాడ మారదు. కాగితం మాత్రం మారుతుంది. అందుకే చాలా ఇళ్లలో మనిషికి రెండు పేర్లుంటాయి. బడి రిజిస్టరులో ఒకటి, చర్చి రిజిస్టరులో ఒకటి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, చర్చికి వెళ్తూ హిందువుగా ఎస్సీ సర్టిఫికెట్ అడగడం కుదరదని, నమ్మకం లేకుండా ప్రయోజనం కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని చెప్పింది.

తీర్పు మంచిచెడ్డలు లాయర్లు వాదించుకోనీ. నాకు అందులో కనిపించేది నా బొమ్మే, అద్దంలో కుడి ఎడమలు మారినట్టు. వాళ్లు నమ్మేది పాడతారు, నమ్మనిది సంతకం పెడతారు. నేను నమ్మనిది పాడతాను. వాళ్ల సంతకాన్ని మోసమంటున్నారు. నా పాటను సంస్కృతి అంటారు, నాస్టాల్జియా అంటారు, ఇలాంటి పత్రికలో వ్యాసం రాస్తే అచ్చు కూడా వేస్తారు. ఆ తేడా ఎక్కడిది? వాళ్ల మాట తప్పితే హాస్టల్ సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది. నా మాట తప్పితే ఏమీ పోదు. నాకు జీతముంది, ఫ్లాటుంది.

కాబట్టి మా అవ్వ తరానికి చేసే వకాల్తా నాకు నేను చేసుకోలేను. పేదవాణ్ణి నిజాయితీ పరీక్ష పెట్టడం అన్యాయమని అంటే సరిపోదు. ఏమీ పోగొట్టుకోనివాడు తనకు తాను ఏదో ఒక పరీక్ష పెట్టుకోవాలి. ఆ పరీక్ష ఏమిటి?

నమ్మకమే ఆ పరీక్ష అని నేననుకోను. ఇక్కడ నాకు ముగ్గురు పిల్లలు గుర్తొస్తారు. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు తోబుట్టువులు 1985లో బడిలో జాతీయగీతం పాడలేదు. అందరితో పాటు లేచి నిలబడ్డారు, మౌనంగా ఉన్నారు. తమ దేవుడికి తప్ప ఇంకొకరికి పాడటం తమ విశ్వాసానికి విరుద్ధమన్నారు. బడి వాళ్లను బయటకు పంపింది. 1986లో సుప్రీంకోర్టు పిల్లల పక్షాన తీర్పిచ్చింది. రాసినది తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదని, గౌరవంగా నిలబడితే అగౌరవపరిచినట్టు కాదని ఆ తీర్పు సారాంశం.

ఆ పిల్లలకూ నా మిత్రుడికీ ఒక విషయంలో పోలిక ఉంది. పాడటమంటే ఒప్పుకోవడమని వాళ్లూ నమ్మారు, అందుకే నోరు కట్టేసుకున్నారు. కానీ వాళ్లు కూర్చోలేదు, బయటికి పోలేదు. నలుగురితో పాటు నిలబడ్డారు. గొంతు కలపడం వేరు, పక్కన నిలబడటం వేరు అని ఆ కేసు నాకు చూపించింది. దాన్నిబట్టి నా గీతలు గీసుకున్నాను. విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు నిలబడతాను, పలకను. అది "నేను నమ్ముతున్నాను" అని ఎవరికి వాళ్లు ఇచ్చే మాట. ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లను. సాక్ష్యం చెప్పను. నా చేత ప్రార్థన చేయించబోతే పక్కవాళ్లను చూపిస్తాను. పాట వచ్చినప్పుడు మాత్రం పాడతాను, అన్ని చరణాలూ.

ఇంతవరకూ చర్చి లోపలి సంగతి. అసలు పరీక్ష బయట ఉందని నాకు చెప్పింది బైబిలే. యేసును పట్టుకుపోయిన రాత్రి పేతురు ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట ఉంటాడు. "నువ్వూ వాళ్లలోవాడివే" అంటే మూడుసార్లు కాదంటాడు, తరవాత కోడి కూస్తుంది. ఈ కథ అందరికీ తెలుసు. అందులో ఒక చిన్న విషయాన్ని మాత్రం మనం దాటేస్తుంటాం. అక్కడివాళ్లు పేతురును గుర్తుపట్టింది యాసను బట్టి. గలిలయ యాస. రాజధానిలో పల్లె యాస. హైదరాబాద్ ఆఫీసులో నోరు జారి "పోవల్ల, రావల్ల" అనే సీమవాడికి ఆ ముంగిలి ఎలా ఉంటుందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పేతురుకు విశ్వాసం లేక కాదంటాడా? నిండా ఉంది. అతను కాదన్నది సిద్ధాంతాన్ని కాదు, మనుషుల్ని. ఆ మనిషిని ఎరగనన్నాడు. విశ్వాసం ఉండి కూడా మనుషుల్ని కాదనొచ్చన్నమాట. అలాగైతే విశ్వాసం లేకుండా మనుషుల్ని కాదనకుండా ఉండటమూ సాధ్యమే. నా పాట నిజమో అబద్ధమో తేల్చే చోటు అదే.

ఆ ముంగిలి ఇప్పుడు ప్రతిచోటా ఉంది. ఫ్లాటు అద్దెకు అడిగితే ఓనరు "మీరేమిట్లు?" అంటాడు. వాట్సాప్ గ్రూపులో ఎవడో "గొర్రెబిడ్డలు" అని నవ్వు బొమ్మ పెడతాడు. భోజనాల దగ్గర ఒకాయన మతం మారినవాళ్ల రేటు ఎంతో చెప్తాడు. అక్కడ "నేను నాస్తికుణ్ణండీ, నాకు సంబంధం లేదు" అనేది అక్షరాలా నిజం. పేతురు చెప్పినదాని కంటే పెద్ద నిజం. కానీ ఆ నిజం చెప్పి తప్పుకున్నవాడికి డిసెంబరులో కంజీర పట్టుకునే హక్కు లేదు. పాట తీపి తీసుకుని, పాడేవాళ్లకు పడే దెబ్బ వదిలేయడం అది. అలాంటప్పుడు నేను "మా ఇంట్లోవాళ్లు చర్చికి పోతారు, ఆ పాటలు నేనూ పాడతాను" అంటాను. ఇల్లు దొరకదు, ఒక్కోసారి. దొరికిన ఇల్లు మాత్రం నిజంగా నాది.

నమ్మనివాడు పాడొచ్చా అంటే, పాడొచ్చు, ఆ పాట పాడేవాళ్లను ఎక్కడా కాదననంతవరకు. దేవుడికి నేనివ్వలేని మాట ఒకటుంది. మనుషులకు ఇవ్వగలిగింది ఇంకొకటుంది. గొంతు కలిపినప్పుడు రెండోదే ఇస్తున్నాను.

పిల్లల సంగతి ఇంకా మిగిలే ఉంది. పెద్దవాళ్లు నా సంగతి తెలిసి నన్ను పక్కన నిలబెట్టుకుంటారు. పది పన్నెండేళ్ల పిల్లలకు తెలీదు. నేర్పేవాడు నమ్ముతున్నాడనుకునే నేర్చుకుంటారు. అక్కడ మౌనంగా ఉంటే అది మోసమే. అందుకే అయ్యగారికీ పిల్లల తల్లిదండ్రులకూ ముందే చెప్పాను. పాట నేర్పుతాను, అర్థం అడిగితే మాటలకు అర్థం చెప్తాను, దాని వెనక ఉన్నది మాత్రం మీరు చెప్పుకోండి అని. ఒకామె తన కూతుర్ని పంపనంది. ఆమెది న్యాయమే, ఆ పిల్ల ఆమెది. మిగతావాళ్లు సరేనన్నారు. పిల్లల్లో ఎవరైనా సూటిగా "నువ్వు నమ్ముతావా అన్నా?" అంటే ఉన్నమాట చెప్తానని కూడా వాళ్లకు చెప్పాను.

చిన్నమ్మ ఇంకా ఒప్పుకోలేదు. నా పాట ఆయన చెవికి చేరదనే అంటుంది. నేనూ ఆమెను ఒప్పించబోను. ఆమె లెక్కలో వినేవాడు ఒకడున్నాడు, నా లెక్కలో లేడు. ఆ తేడాను వ్యాసం రాసి పూడ్చలేం. అయితే క్యారల్స్ రోజు రాత్రి మాకు ఉగ్గాని చేసి పెడతానంది.

మామకు ఇవన్నీ చెప్పాను. అగస్టీన్ దగ్గర్నుంచి కోర్టు దాకా, ఫోన్లో, అరగంట. ఓపిగ్గా విన్నాడు. "నమ్మేదీ నమ్మనిదీ నువ్వూ ఆయనా చూసుకోండప్పా" అన్నాడు చివరికి. "మూడో చరణం ఎగరగొట్టొద్దు. ఇప్పటి పిల్లోళ్లు దాన్నే ఎగరగొడతాండారు."